జీతం, గ్రాంటు, చందా: మన బడుల వెనుక లెక్కలు

సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఒక చరిత్ర వ్యాసం రాయమని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు, వ్యవస్థాపకుల త్యాగాలు, హెడ్మాస్టర్ల పరంపర, పరీక్షా ఫలితాలు ఎలాగూ ఇంకొకరు రాస్తారు, నేను డబ్బు సంగతి రాస్తానన్నాను. "మిషన్ వాళ్ళ బడి గురించి రాస్తూ డబ్బు మాటెందుకండీ" అని ఒక మిత్రుడు సందేహించారు. మతం బడి పెట్టినా, జమీందారు పెట్టినా, సర్కారు పెట్టినా నెల తిరిగేసరికి పంతులుగారికి ఎవరో ఒకరు జీతం ఇవ్వాలి కదా. ఆ ఎవరో ఒకరు ఎవరన్నది తెలిస్తే ఆ బడి ఎవరి మాట వింటుందో సగం తెలిసిపోతుంది. ముప్పై ఏళ్ళు ఎయిడెడ్ బడుల్లో సాంఘికశాస్త్రం చెప్పిన అనుభవంతో ఈ మాట అంటున్నాను.

మన తరం వాళ్ళను ఎవరినైనా అడగండి, మీ నాన్నగారు మిమ్మల్ని ఈ బడిలోనే ఎందుకు చేర్పించారని. క్రమశిక్షణ బాగుంటుందని ఒకరంటారు. ఇంగ్లీషు బాగా చెబుతారని ఇంకొకరు. జీతం తక్కువని, లెక్కల మేష్టారు మావాళ్ళకు తెలుసని మరొకరు. మతం కోసం చేర్పించారని చెప్పేవారు వందకు ఒకరిద్దరుంటారేమో. పెట్టినవారు మాత్రం మతం కోసమే పెట్టారు. ఆ సంగతి వాళ్ళు దాచుకోనూ లేదు. పెట్టినవారి ఉద్దేశం ఒకటి, చేర్చినవారి ఉద్దేశం ఒకటి. ఈ రెండూ కోస్తా జిల్లాల్లో నూట ఎనభై ఏళ్ళుగా ఒకే గోడల మధ్య ఎలా ఇమిడాయన్నదే నేను చెప్పదలచుకున్నది.

మిషన్ వాళ్ళు రాకముందు మనకు చదువు లేదనుకోవడం పొరపాటు. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో కలెక్టర్ల చేత బడుల లెక్క తీయించాడు. 1826లో ఆయన రాసిన మినిట్‌లో మొత్తం ప్రెసిడెన్సీలో 12,498 బడులు తేలాయి. కోటీ ఇరవై ఎనిమిది లక్షల జనాభాకు అన్ని బడులు తక్కువేమీ కాదు. అవన్నీ ఇప్పటి భాషలో చెప్పాలంటే ప్రైవేటు బడులే. వీధి అరుగు మీదో, గుడి మండపంలోనో పంతులుగారు కూర్చునేవారు, పిల్లలు ఇసుకలో ఓనమాలు దిద్దేవారు, నెలకు నాలుగణాలో ఆరణాలో ఇచ్చేవారు. పంతులుగారికి అంతా కలిపి నెలకు ఆరేడు రూపాయలకు మించడం లేదని, ఆ సంపాదనకు సమర్థులు ఈ వృత్తిలోకి రారని మన్రో స్వయంగా రాశాడు. జీతం ఒక్కదాని మీద నడిచే బడి అంతవరకే పోగలదు. ఇవ్వగలిగినవాడి పిల్లవాడే అక్కడ కూర్చుంటాడు. మాలపల్లి, మాదిగపల్లి పిల్లలకు ఆ అరుగు ఎక్కే అర్హతే లేదు, చేతిలో అణాలున్నా సరే.

ఇక మచిలీపట్నం. 1841లో చర్చి మిషనరీ సొసైటీ తరఫున హెన్రీ ఫాక్స్, రాబర్ట్ నోబుల్ అని ఇద్దరు ఇంగ్లండు నుంచి వచ్చారు. ఫాక్స్ ఊళ్ళు తిరిగి బోధించడానికి, నోబుల్ బడి పెట్టడానికి అని పని పంచుకున్నారు. నోబుల్ గారి బడి 1843 నవంబరులో మొదలైంది. ఆయన మళ్ళీ స్వదేశం మొహం చూడకుండా 1865లో బందరులోనే కన్నుమూశారు. పై కులాల పిల్లలను ఉద్దేశించి పెట్టిన బడి అది. పెద్దవాళ్ళు మారితే తక్కినవాళ్ళు వెనకే వస్తారన్నది ఆనాటి చాలామంది మిషనరీల లెక్క. బ్రాహ్మణ కుటుంబాలవారు వేరే లెక్క వేసుకున్నారు. జిల్లా కచేరీలో ఉద్యోగం కావాలంటే ఇంగ్లీషు కావాలి, ఇంగ్లీషు చెప్పేచోటు ఇది. బైబిలు క్లాసు ఒక గంట, దాన్ని చెవిన పెట్టి వదిలేస్తే పోయేదేముంది?

1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకోవడంతో ఆ లెక్క తలకిందులైంది. ఊరు అట్టుడికింది. తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించేశారు, బడి దాదాపు ఖాళీ అయింది. ఆ రోజు పందెం కట్టమంటే ఆ బడి ఇక తెరవరనే ఎవరైనా కట్టేవారు. కానీ పిల్లలు మెల్లగా తిరిగొచ్చారు. అప్పుడూ భయం పోలేదు, బందరులో అంతకంటే మంచి బడీ రాలేదు. మతం మారతాడేమోనన్న భయం ఒక పళ్ళెంలో, ఉద్యోగం వస్తుందన్న ఆశ ఇంకో పళ్ళెంలో పెట్టి తూచుకుంటే చివరికి రెండోదే మొగ్గింది. తరువాత నూరేళ్ళపాటు కోస్తాలో మిషన్ హైస్కూళ్ళలో పిల్లల్ని చేర్చిన లక్షలాది హిందూ, ముస్లిం కుటుంబాలు పైకి చెప్పకుండా ఇదే త్రాసు వాడాయి.

అయితే ఒక మిషన్ దగ్గర వచ్చే చందాతో ఎన్ని బడులు నడుస్తాయి? గుంటూరుకు 1842లో వచ్చిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్‌ను పంపింది అమెరికాలోని పెన్సిల్వేనియా చర్చిలు. ఆదివారం కానుక పళ్ళెంలో పడిన చిల్లర అక్కణ్ణుంచి ఓడల్లో రావాలి. ఆ చందాకు తోడు 1854లో ఇంకో చెయ్యి కలిసింది. ఆ ఏడాది జూలై 19న లండన్ నుంచి వచ్చిన ఉడ్స్ డెస్పాచ్ గ్రాంట్-ఇన్-ఎయిడ్ పద్ధతిని ప్రవేశపెట్టింది. బి.ఎడ్. పరీక్ష కోసం మనమంతా బట్టీ పట్టిన పేరే అది. దాని షరతులు మాత్రం మళ్ళీ ఒకసారి చదవదగ్గవి. బడి ఎవరిదైనా సరే, లౌకికమైన చదువు బాగా చెప్పాలి. నిర్వహణకు బాధ్యత వహించే స్థానిక సంఘం ఉండాలి. ఇన్స్పెక్టరు వస్తే తలుపు తీయాలి. పిల్లల దగ్గర, ఎంత కొంచెమైనా సరే, జీతం వసూలు చేయాలి. మతబోధ ఉందా లేదా, ఏ మతం అన్నది ఇన్స్పెక్టరు అడగడు, చూడడు.

ఎంత తెలివైన ఏర్పాటో గమనించండి. సర్కారుకు తన చేతి నుంచి పూర్తి ఖర్చు పెట్టకుండా బడులు వచ్చాయి. మిషన్‌కు తన చందా రెండింతలు పనిచేసింది. ఇన్స్పెక్టరు పరీక్షించేది లెక్కలూ ఇంగ్లీషూ కాబట్టి, మేనేజిమెంటుకు మతం మీద ఎంత మక్కువున్నా వాటిని నిర్లక్ష్యం చేయడానికి వీల్లేకుండా పోయింది. జీతం కట్టే తండ్రి అడగడానికి హక్కు సంపాదించుకున్నాడు. ముగ్గురి డబ్బూ కలవడంతో ఏ ఒక్కరి మాటా పూర్తిగా చెల్లని స్థితి ఏర్పడింది. మన బడులు మన బడులుగా ఉన్నది దీనివల్లనే అని నా అభిప్రాయం.

ఈ ఆలోచనకు మూలం ఇంకా వెనక ఉంది. ఆడం స్మిత్ 1776లో అచ్చువేసిన 'వెల్త్ ఆఫ్ నేషన్స్' ఐదో భాగంలో పంతుళ్ళ గురించీ పాదిరీల గురించీ పక్కపక్కనే రాశాడు. స్కాట్లండులో ఊరూరా ఉన్న చర్చి బడుల్లో మేష్టారికి జీతం కొంత ప్రజల సొమ్ము నుంచి, కొంత పిల్లల నుంచి వస్తుందని, మొత్తం ప్రభుత్వమే ఇస్తే ఆయన త్వరలోనే పని మానేయడం నేర్చుకుంటాడని ఆయన అన్నాడు. ఆక్స్‌ఫర్డ్ ఆచార్యులను కూడా ఆ సందర్భంలోనే ఏకిపారేశాడు. మతం విషయంలో స్మిత్‌కూ ఆయన మిత్రుడు డేవిడ్ హ్యూమ్‌కూ తేడా వచ్చింది. మత గురువులకు సర్కారే జీతమిచ్చి కూర్చోబెడితే వాళ్ళు సోమరులై గొడవ చేయకుండా ఉంటారని హ్యూమ్ వాదం. అలా కాదు, ఏ ఒక్క మతశాఖకూ అండ ఇవ్వకుండా వదిలేస్తే వందల శాఖలు ఒకదానితో ఒకటి పోటీ పడతాయి, ఆ పోటీలో అందరూ కష్టపడతారు, మర్యాదా నేర్చుకుంటారు అని స్మిత్. ఇప్పుడు విశ్వవిద్యాలయాల్లో మతం తాలూకు ఆర్థికశాస్త్రం అని చదువుతున్న శాఖ ఈ పేజీల నుంచే తన వంశవృక్షం చెప్పుకుంటుంది.

మన జిల్లాల్లో ఆ పోటీ ఎలా జరిగిందో చూస్తే స్మిత్ సంతోషించి ఉండేవాడు. ధవళేశ్వరం ఆనకట్ట 1852కి, బెజవాడ ఆనకట్ట 1855కి పూర్తయ్యాయి. డెల్టా రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి, కొడుకును చదివించాలన్న కోరిక పుట్టింది. రాజులూ జమీందార్లూ ముందుకొచ్చారు. విజయనగరంలో మహారాజావారి బడి 1857లో పెట్టినది, కాలక్రమాన కళాశాల అయింది. కాకినాడలో పిఠాపురం రాజావారి కళాశాల ఉంది. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1874లో ధవళేశ్వరంలో బాలికల బడి పెట్టారు. ఆడపిల్లల చదువు మిషన్ జనానాల సొత్తుగా ఉన్న రోజుల్లో అది చిన్న సంగతి కాదు. 1882లో హంటర్ కమిషన్ కూర్చున్నప్పుడు, పై చదువుల నుంచి సర్కారు క్రమంగా తప్పుకొని ప్రైవేటు వారికి ఇవ్వాలని, అయితే మిషనరీలకు అప్పజెప్పడం మాత్రం కూడదని సిఫారసు చేసింది. ఆ ఒక్క వాక్యంతో ఊరూరా హిందూ హైస్కూలు కమిటీలకు ఊపిరి వచ్చింది. గుంటూరులో ఆంధ్ర క్రైస్తవ కళాశాల 1885లో మొదలైతే, అదే ఊళ్ళో అర్ధశతాబ్ది తర్వాత హిందూ కళాశాల వెలిసింది. ఒకరి ప్రార్థన చూసి ఇంకొకరు గీతా శ్లోకం పెట్టారు, ఒకరి నీతిబోధ పీరియడు చూసి ఇంకొకరు పెట్టారు. అంజుమన్ల బడులూ ఇలా పుట్టినవే. మదనపల్లెలో అనీబిసెంట్ ప్రోత్సాహంతో 1915లో థియోసాఫికల్ కళాశాల వచ్చింది. 1919లో రవీంద్రుడు వచ్చి బసచేసి జనగణమనను ఇంగ్లీషులోకి మార్చింది అక్కడే. తిరుమల తిరుపతి దేవస్థానం 1945లో తిరుపతిలో కళాశాల తెరిచింది. హుండీలో పడిన కానుక పాఠ్యపుస్తకంగా మారిందన్నమాట.

గ్రాంటు వద్దన్నవాళ్ళూ ఉన్నారు. బందరులో కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, పట్టాభి సీతారామయ్యగారు 1910లో స్థాపించిన ఆంధ్ర జాతీయ కళాశాల సర్కారు సొమ్ము ముట్టుకోకుండా ప్రజల చందాలతో నడవాలని నిశ్చయించుకుంది. ఆ సంస్థ చరిత్ర చదివితే ఆదర్శం ఎంత ఎత్తున ఉందో, చందా సంచీ ఎంత తేలికగా ఉందో రెండూ కనబడతాయి. హనుమంతరావుగారు ప్లీడరీ వదులుకొని ఆరోగ్యం ధారపోశారు. ఒక మనిషి ప్రాణం మీద ఎన్నాళ్ళని బడి నడుస్తుంది?

తెలంగాణ సంగతి క్లుప్తంగా చెప్పి ముందుకు పోతాను. నిజాం రాజ్యంలో 1854 డెస్పాచ్ వర్తించలేదు. పై చదువు ఉర్దూలో సాగింది, తెలుగు బడికి రాజాశ్రయం తక్కువ. మెదక్, దోర్నకల్ ప్రాంతాల్లో మిషన్లు పనిచేసినా కోస్తాలోలాగా గ్రాంటు మీద నాలుగు వర్గాలు పోటీపడే బజారు అక్కడ ఏర్పడలేదు. ప్రైవేటు బడుల పటంలో ఈ తేడా చాలాకాలం కనబడింది.

ఇంతవరకు చెప్పింది పట్నం హైస్కూలు కథ. పల్లె చివర గుడిసెలో నడిచిన బడి కథ దీనికి తమ్ముడు కాదు, వేరే కథ.

జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు 1866లో ఒంగోలు చేరాడు. ఊరి పెద్దలు తమ పిల్లలకు ఇంగ్లీషు బడి కావాలని అడిగారు. ఆయన తెరిచాడు, బ్రాహ్మణ పిల్లలు వచ్చారు. అదే సమయంలో చుట్టుపక్కల ఊళ్ళ నుంచి మాదిగలు వచ్చి చేర్చుకోమన్నారు. వాళ్ళను చేర్చుకుంటే మా పిల్లలు రారని పెద్దలు ఖండితంగా చెప్పారు. క్లౌ ఆలోచించి మాదిగలనే చేర్చుకున్నాడు. అగ్రవర్ణాల పిల్లలు బడి వదిలి వెళ్ళిపోయారు. ఒకే దుకాణంలో ఇద్దరికీ సరుకు అమ్మలేని పరిస్థితి. జీతం కట్టగలిగే పిల్లలను వదులుకొని, దమ్మిడీ కట్టలేనివాళ్ళను ఎంచుకోవడం వ్యాపారం లెక్కలో మతిలేని పని. చందా పంపేవాళ్ళు సముద్రం అవతల ఉండబట్టి ఆ పని చేయగలిగాడు.

కూడు కోసం మతం పుచ్చుకున్నారన్న ఎత్తిపొడుపు ఈ జనం మీద ఇప్పటికీ ఉంది. క్లౌ గారి లెక్కలు చూస్తే అది నిలవదు. 1876–78 ధాతు కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పని ఆయన కాంట్రాక్టుకు తీసుకొని ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి కల్పించాడు. ఆ కరువు నెలల్లో వేలమంది బాప్తిస్మం అడిగినా ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారన్న అనుమానం తొలగాలని ఆపాడు. కూలి పంపకం ముగిశాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. చేరినవాళ్ళు ఒప్పుకోవలసిన నియమాలూ సులువైనవి కావు: ఆదివారం పనికి పోరాదు, చచ్చిన గొడ్డు మాంసం తినరాదు, విగ్రహాలకు మొక్కరాదు. ఊరి పెద్దలకు వెట్టి చేసే మాదిగ ఆదివారం రానంటే ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు. అమెరికా ఆర్థికవేత్త లారెన్స్ ఐయనకోన్ 1990ల్లో ఒక వాదం చేశాడు. కఠిన నియమాలు పెట్టే మతశాఖలు ఎందుకు బలంగా ఉంటాయంటే, ఆ నియమాలు ఊరికే లాభం కోసం వచ్చేవాళ్ళను గుమ్మంలోనే ఆపేస్తాయి, లోపలికి వచ్చినవాళ్ళు ఒకరికొకరు గట్టిగా నిలబడతారు అని. ఆయన మన ఒంగోలును తలచుకొని రాసినది కాదు గానీ అతికినట్టు సరిపోతుంది.

ఆ గుడిసె బళ్ళలో నాలుగో క్లాసు చదివినవాడే పంతులు, వాడే ప్రార్థన చేయించేవాడు. 1890ల్లో మద్రాసు ప్రభుత్వం పంచముల బడులకు ప్రత్యేక గ్రాంట్లు ఇవ్వడం మొదలుపెట్టాక ఇవి వందల్లో పెరిగాయి. పట్నం హైస్కూలు తీసుకున్నవాళ్ళు చదువు తీసుకొని మతం వదిలేశారు. వీళ్ళు రెండూ తీసుకున్నారు. రెండూ వాళ్ళకు ఒకే వస్తువు: మనిషిగా పేరుపెట్టి పిలిచే చోటు. ఒక తరం తర్వాత ఆ పల్లె బడి పిల్లవాడు పట్నం హైస్కూలు గేటు దాటి కరణంగారి మనవడి పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. ఇద్దరి జీతాలు ఒకటి కావు. రెండోవాడు కట్టినదీ, సర్కారు ఇచ్చినదీ, పెన్సిల్వేనియా పంపినదీ కలిసి మొదటివాడిని కూర్చోబెట్టాయి. మన సంఘం పాత గ్రూపు ఫోటోల్లో వరసలు చూడండి, నేనేమంటున్నానో తెలుస్తుంది.

ఇది మన ఒక్క ప్రాంతపు విడ్డూరం కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో యూరప్, అమెరికాల్లో ప్రభుత్వ బడులు వచ్చినప్పుడు అవి తమ మతానికి చెందినవి కావని కాథలిక్కులు తమ బడులు తాము పెట్టుకున్నారు. 1884లో బాల్టిమోర్‌లో కూడిన అమెరికా బిషప్పులు ప్రతి చర్చికీ రెండేళ్ళలో ఒక బడి ఉండాలని తీర్మానించారు. నెదర్లాండ్స్‌లో అయితే దశాబ్దాల పోరు తర్వాత 1917 రాజ్యాంగ సవరణతో మత సంస్థల బడులకూ సర్కారు బడులతో సమానంగా నిధులిచ్చారు. ఈనాటికీ అక్కడ మూడింట రెండువంతుల పిల్లలు అలాంటి బడుల్లోనే చదువుతున్నారు. మార్టిన్ వెస్ట్, లుడ్గర్ వోస్‌మన్ 2010లో ఒక పరిశోధన ప్రచురించారు. 1900లో కాథలిక్కులు ఎక్కువగా ఉండి, ఆ మతం రాజ్యమతం కాని దేశాల్లో ఇప్పటికీ ప్రైవేటు బడుల వాటా ఎక్కువని, ఆ పోటీ వల్ల మొత్తం పిల్లల చదువు మెరుగ్గా ఉందని, ఖర్చు తక్కువని వాళ్ళు తేల్చారు. నూరేళ్ళనాటి మత కలహం ఈనాటి గణితం మార్కుల్లో కనబడుతోందన్నమాట. మన దేశంలో కేంబ్రిడ్జి ఆచార్యురాలు శ్రియా అయ్యర్ ఏడు రాష్ట్రాల్లో ఆరువందలకు దగ్గరగా మత సంస్థలను పరిశీలించి 2018లో పుస్తకం రాశారు. గుళ్ళు, మసీదులు, చర్చిల సంస్థలు చదువు, వైద్యం లాంటి సేవల్లో ఒకరినొకరు గమనిస్తూ పోటీపడతాయని ఆమె చూపించారు. బందరువాళ్ళకు ఈ సంగతి నూరేళ్ళ కిందటే తెలుసు.

స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగం ఈ మూడు డబ్బుల ఏర్పాటుకు చట్టబలం ఇచ్చింది. గ్రాంటు తీసుకునే బడి మతం, కులం, భాష కారణంగా ఎవరినీ చేర్చుకోననకూడదని 29వ అధికరణం, ఇష్టంలేని పిల్లవాడిని మతబోధకు కూర్చోబెట్టరాదని 28వది, అల్పసంఖ్యాకుల బడి అన్న కారణంతో గ్రాంటు నిరాకరించరాదని 30వది. చక్కని తూకం. ఆ తర్వాత క్రమంగా ఎయిడెడ్ టీచర్ల జీతాలు సర్కారు నేరుగా ఇవ్వసాగింది. అంతకుముందు కొన్ని మేనేజిమెంట్లలో ఒక అంకె మీద సంతకం పెట్టించుకొని ఇంకో అంకె చేతిలో పెట్టేవారన్నది వృత్తిలో ఉన్నవారందరికీ తెలిసిన రహస్యం. నేరుగా జీతం రావడంతో టీచరు తలెత్తుకొని నిలబడ్డాడు. నేను లబ్ధిపొందినవాడినే, కాదనను. కానీ దానితోపాటు పిల్లల జీతం నామమాత్రమైంది, మిషన్ చందా ఎండిపోయింది, మూడు కాళ్ళ పీట ఒంటికాలి మీద నిలబడింది. 1985 తర్వాత పెట్టిన ప్రైవేటు సంస్థలకు గ్రాంటు ఉండదని 1988లో చట్టం వచ్చింది. ఆ మీదట పాత ఎయిడెడ్ బడుల్లోనూ రిటైరైనవారి స్థానాలు నింపడం అరుదైపోయింది.

ఆ ఖాళీలోకి వచ్చింది కాన్వెంటు. ఈ మాట ప్రయాణం నాకు ఎప్పుడూ వినోదంగా ఉంటుంది. కన్యాస్త్రీలు ఉండే మఠానికి పేరు అది. మన ఊళ్ళలో మాత్రం టై కట్టి ఇంగ్లీషులో చెప్పే ఏ ప్రైవేటు బడైనా కాన్వెంటే, నడిపేది ఎదురింటి ఎరువుల కొట్టు యజమాని అయినా సరే. సెయింట్ అన్న పేరు తగిలించుకున్న బళ్ళలో ఆ సెయింటు ఎవరో కరస్పాండెంటుకే తెలియనివి ఉన్నాయి. సిస్టర్లు వందేళ్ళు కష్టపడి సంపాదించిన నమ్మకాన్ని బోర్డు రాయించేవాడు ఉచితంగా వాడుకున్నాడు. తల్లిదండ్రులు కొన్నది ఆ నమ్మకాన్నే. మతం వెళ్ళిపోయి మతం ముద్ర మాత్రం మిగిలింది.

ఆ కొనుగోలు లాభమా నష్టమా అన్నది మన రాష్ట్రంలోనే తేల్చి చూశారు. కార్తీక్ మురళీధరన్, వెంకటేష్ సుందరరామన్ 2008 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఐదు జిల్లాల్లోని 180 గ్రామాల్లో, సర్కారు బడి పిల్లల్లో లాటరీ తీసి కొందరికి ప్రైవేటు బడి ఖర్చు ఇప్పించారు. నాలుగేళ్ళ తర్వాత చూస్తే తెలుగులో, లెక్కల్లో లాటరీ వచ్చినవాళ్ళకూ రానివాళ్ళకూ తేడా లేదు. హిందీ మాత్రం బాగా వచ్చింది, ప్రైవేటు బడిలో దానికి పీరియడ్లు ఎక్కువ ఇచ్చారు కాబట్టి. అయితే ఒక్కో పిల్లవాడి మీద ప్రైవేటు బడి ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడోవంతే. 2015లో అచ్చయిన ఈ ఫలితాన్ని ప్రైవేటు పక్షంవారు ఖర్చు చూపించి మెచ్చుకుంటారు, సర్కారు పక్షంవారు మార్కులు చూపించి మెచ్చుకుంటారు. నాకు మాత్రం ఆ మూడోవంతు ఖర్చు ఎలా సాధ్యమైందన్నది కనబడుతుంది: ఇంటర్ పాసైన ఆడపిల్లకు మన్రో నాటి పంతులుగారికి దక్కినట్టే జీతమిచ్చి. మనం 1826కి తిరిగొచ్చాం. జీతం ఒక్కదాని మీద నడిచే బడి, కట్టగలిగినవాడి పిల్లవాడే అందులో ఉంటాడు, ఎంత కట్టగలిగితే అంతలో. కరణంగారి మునిమనవడు ఒక రేటు బడిలో, పల్లె పిల్లవాడు ఇంకో రేటు బడిలో, ఏమీ కట్టలేనివాడు సర్కారు బడిలో. ఒకే బెంచీ మీద ముగ్గురూ కలిసే చోటు పోయింది.

2021లో ప్రభుత్వం ఎయిడెడ్ సంస్థలను ఆస్తులతో సహా అప్పగించండి, లేదా సిబ్బందిని మాకిచ్చి ప్రైవేటుగా నడుపుకోండి అన్నప్పుడు విశాఖలోనూ మరికొన్ని ఊళ్ళలోనూ తల్లిదండ్రులే రోడ్డెక్కారు. జీతాలు పెంచుతారని, ఊళ్ళో ఆ కాస్త మంచి బడి అందకుండా పోతుందని వాళ్ళ భయం. ఆ ఏడాది చివర్లో పాత పద్ధతిలోనే కొనసాగే అవకాశమూ ఇచ్చారు. ధర్నాలో కూర్చున్న ఆ తల్లుల్లో ఎంతమంది ఏ మతమో ఎవరూ లెక్కపెట్టలేదు.

మన బడి కొనసాగే దారే ఎంచుకుంది. కొనసాగడం అంటే ఏమిటో సంఘం కార్యవర్గంలో ఉన్నవాళ్ళకు తెలుసు. మంజూరైన పోస్టుల్లో సగానికి పైగా ఖాళీ. గణితానికి, భౌతికశాస్త్రానికి పూర్తికాలపు టీచరు లేరు. అమెరికాలో ఉన్న మన పూర్వ విద్యార్థులు ఉదారంగా పంపుతున్నారు. ఒకప్పుడు పెన్సిల్వేనియా నుంచి వచ్చినట్టే ఇప్పుడు డాలస్ నుంచి, న్యూజెర్సీ నుంచి చందా వస్తోంది. వచ్చిన దానితో ఇప్పటికి ముఖద్వారం, స్టేజీ, కంప్యూటర్ గది, తాగునీటి ప్లాంటు ఏర్పడ్డాయి. ప్రతిదాని మీదా రాతిఫలకం ఉంది. టీచరు జీతం మీద ఫలకం పెట్టలేం. అందుకే కాబోలు దానికి దాత దొరకడం లేదు. ఇంకో పక్క, పిల్లల దగ్గర నెలకు కొంచెమైనా జీతం తీసుకుందామంటే ఉచితం అని బోర్డు పెట్టిన బడి జీతం అడగడమేమిటని కొందరు సభ్యులు అభ్యంతరం చెప్పారు. కట్టగలిగినవారి దగ్గర తీసుకోవడంలో తప్పు లేదని, కట్టలేనివారిది సంఘం భరించాలని నా వాదన. దాన్ని రాతపూర్వకంగా ఇచ్చాను.

స్వర్ణోత్సవ నిధిలో ఎంత భాగం శాశ్వత నిధిగా ఉంచి దాని వడ్డీతో ఇద్దరు టీచర్లను నియమించవచ్చన్నది సర్వసభ్య సమావేశం అజెండాలో నాలుగో అంశంగా ఉంది. స్వర్ణోత్సవ స్తూపం మూడో అంశం. కోశాధికారిగారు రెండింటికీ అంచనాలు తయారుచేసి ఉంచారు. రాగలిగినవారు భోజనాల వేళకు కాకుండా ఉదయం పదింటికే రావలసిందిగా కోరుతున్నాను.